నిలబడి చూసిన జీపు

పాత జీపు కొనబోయేవాడికి తోడుగా వెళ్ళి, బండి చూసి, తీసుకో అనో వద్దు అనో చెప్పడం నా పని. వరంగల్‌లో నాకు సొంత షెడ్డు ఉండేది. ఇంజన్లు విప్పేవాణ్ణి, గేరుబాక్సులు కట్టేవాణ్ణి. జనం మాత్రం నన్ను "బండి చూసే సమ్మయ్య" అనే గుర్తుపెట్టుకున్నారు. డెబ్బైలలో మొదలుపెట్టి ఎనభైలు దాటేదాకా ఎన్ని జీపుల కింద పడుకున్నానో నా వీపుకే తెలుసు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు వచ్చి, "కాకా, ఏం చూడాలె, ఎట్ల చూడాలె" అని అడుగుతున్నారు. చెప్పడం మొదలుపెడితే సగం విని ఫోన్ చూసుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను. నేను షెడ్డు ఎట్లా పెట్టాను, ఎవరు శాలువా కప్పారు లాంటివి ఇందులో వెతక్కండి.

ముందే ఒక మాట చెప్తాను. ఈ పనిలో నన్ను విసిగించింది మనుషులే. ఇనుము ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. వినే ఓపిక కావాలి, అంతే. మనుషులకు చెప్పే ఓపికా ఉండదు, వినే ఓపికా ఉండదు.

రంగు, హారన్, రాహుకాలం

ఆ రోజుల్లో మన దగ్గరికి పాత జీపులు మూడు దారుల్లో వచ్చేవి. మిలిటరీలో వాడి వేలం వేసినవి కొన్ని. ఎన్నికలు అయిపోయాక పార్టీల వాళ్ళు వదిలించుకునేవి కొన్ని. అడవుల్లో బీడీలకు తునికాకు కోయించే కాంట్రాక్టర్లు నాలుగైదు సీజన్లు తిప్పి అమ్మేసేవి కొన్ని. మిలిటరీ బండి ముసలిదైనా ఎముక గట్టిగా ఉంటుంది. ఎన్నికల బండికి మైకులు కట్టి, పదిమంది ఎక్కి ఊరేగి, వెనక బాడీ అంతా వదులు చేసి పెడతారు. తునికాకు బండి సంగతి అడగనే వద్దు. నడిపినవాడు దాని మీద పగబట్టినట్టే నడిపి ఉంటాడు. అసలు బండి ఎక్కడి నుంచి వచ్చిందో అడగడమే మొదటి పని. అడిగేవాడు ఏడీ?

కొనేవాడు వస్తాడు. చుట్టూ ఒకసారి తిరుగుతాడు. రంగు చూస్తాడు. సీటు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూస్తాడు. ఆ తర్వాత హారన్ కొడతాడు. అది గట్టిగా మోగిందా, ఇక వాడి ముఖం వెలిగిపోతుంది. నెక్కొండ నుంచి వచ్చిన ఒక ఆసామికి బండిని మోసే చాసిస్‌లో పగులు చూపించి, "పటేలా, ఇది ఇరిగితే మళ్ల అతికిచ్చిండ్రు, వద్దు" అన్నాను. ఆయన వంగి చూసి, "నిజమే గని, హారన్ గింత మంచిగున్నది గదనే?" అన్నాడు. నా తల ఎక్కడ కొట్టుకోవాలో అర్థం కాలేదు. ఆయన ఆ బండే కొన్నాడు. వానలు పడకముందే అది మధ్యకు కుంగిపోయింది. మళ్ళీ నా షెడ్డుకే తోసుకొచ్చాడు, తోయడానికి నలుగుర్ని వెంటబెట్టుకుని, దారి ఇవ్వమని హారన్ కొట్టుకుంటూ.

ఇక ఘడియల గోల. బండిని సరిగ్గా చూడాలంటే గంటన్నర కావాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి స్టార్ట్ చేయాలి, తిప్పి తెచ్చి వేడి మీద ఇంకోసారి చూడాలి. వీళ్ళేమో, "మేస్త్రీ, పదిన్నరకు రాహుకాలం వస్తాంది, ఆలోపట గేటు దాటాలె" అని నన్ను పది గంటలకు పిలిచేవాళ్ళు. కొబ్బరికాయ, నిమ్మకాయలు అప్పటికే సంచిలో ఉండేవి. మన సాయబులూ తక్కువ తినలేదు. శుక్రవారం జుమ్మా నమాజుకు ముందే తాళంచెవి చేతికి రావాలని తొందరపెట్టేవాళ్ళు. కొనాలో వద్దో చెప్పమని నన్ను పిలిచి, కొన్నాక చేసే పూజకు సామాను తెచ్చుకుంటే నేను చెప్పడానికి ఏం మిగిలింది? వద్దంటే, "శుభమా అని వస్తే గిట్లంటవేందే" అని ముఖం మాడ్చుకునేవాళ్ళు.

అమ్మేవాళ్ళ మీద నాకు అంత కోపం లేదు. మోసం చేయడం వాళ్ళ పని, పట్టుకోవడం నా పని. గేరుబాక్సులో రంపపు పొట్టు కలిపితే రెండు రోజులు చప్పుడు రాదు. ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గుతుంది. కింద ఎక్కడైనా ఒక్కచోటే కొత్త నల్లరంగు కనిపిస్తే అక్కడే గీకి చూడండి. వీటిలో పెద్ద విద్య ఏమీ లేదు, నేల మీద పడుకోవడానికి సిగ్గుపడకుంటే చాలు.

లివర్ పడుతుంది, చక్రం లాగదు

బండిని చూడకముందు, దాన్ని కొనేవాణ్ణి చూడాలి. ఎక్కడికి పోతావు, ఎంతమందితో పోతావు, ఏ కాలంలో పోతావు అని అడగాలి. ఆదివారం పాకాల చెరువు దగ్గర వంట చేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాడికి ఏ జీపైనా చాలు. నిజం చెప్పాలంటే బస్సు చాలు. లక్నవరం పక్కన అడవి బాట పట్టేవాడికి టైర్లు, స్ప్రింగు పట్టీలు గట్టివి కావాలి. గోదావరి ఇసుకలోకి దిగుతానన్నవాడికి మాత్రం నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలి. అందులో రాజీ లేదు.

అసలు మోసమంతా ఇక్కడే. జీపులో గేరు రాడ్డు పక్కన ఒక చిన్న లివర్ ఉంటుంది. అది వేస్తే వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా లాగుతాయి. పెట్రోలు ఎక్కువ తాగుతుందని చాలామంది ముందు చక్రాలకు బలం అందించే లోపలి కడ్డీలు పీకేసి, పైన మూత బిగించేవాళ్ళు. లివర్ అట్లాగే ఉంటుంది. వేస్తే టక్కున పడుతుంది కూడా. తారురోడ్డు మీద ఎంత దూరం నడిపినా తేడా తెలియదు. కొనేవాడు లివర్ వేసి చూసుకుని, "పడ్తాంది" అని మురిసిపోతాడు. పడితే ఏమైంది నాయనా? లోపల లాగేది ఉండాలి కదా!

దీనికి పరీక్ష అయిదు నిమిషాలది. బండి కదలకుండా ఆపి, ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపండి. లివర్ వేయండి. ఆ చక్రాన్ని చేత్తో తిప్పండి. బిగుసుకుని తిరగకపోతే లోపల కడ్డీలు ఉన్నట్టు. సైకిల్ చక్రంలా గిర్రున తిరిగితే లేనట్టు. దీనికి చదువు అక్కర్లేదు. నేల మీద కూర్చోవాలి, బట్టలు మాస్తాయి.

ఇంత తేలికైన పని నేను ఒకసారి చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలంటే మా ఉస్తాద్ గురించి చెప్పాలి.

యాకూబ్ ఉస్తాద్

నాకు పని నేర్పింది యాకూబ్ ఉస్తాద్. కాశిబుగ్గలో ఆయన షెడ్డు. పొట్టి మనిషి, గట్టి చెయ్యి, అంతకంటే గట్టి నోరు. నట్టు వదులుగా వదిలేస్తే చేతిలో ఉన్న పానా విసిరేవాడు. నేను చేరిన కొత్తలో నెలల తరబడి నన్ను బానెట్ ఎత్తనివ్వలేదు. "ముఖం అందరు చూస్తరు. నువ్వు కడుపు చూసుడు నేర్చుకో" అని కిందికి తోసేవాడు. పక్కనే తనూ పడుకుని, ఏది ఎందుకుందో వేలు పెట్టి చూపించేవాడు. జాకీ పరీక్ష నేర్పింది కూడా ఆయనే.

నేను వేరే షెడ్డు పెట్టుకున్న కొన్నేళ్ళకు ఉస్తాద్ బండి చూసే తీరు మారిపోయింది. చుట్టూ ఒకసారి నడిచేవాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత "ఠీక్ ఉన్నది" అనో "వద్దు" అనో తేల్చేసేవాడు. ఊరు మురిసిపోయింది. "యాకూబ్ ఉస్తాద్ వంగనే వంగడు, నిలవడే చెప్తడు" అని కథలు కథలుగా చెప్పుకున్నారు. నా దగ్గరికొచ్చి, "నువ్వేందే సమ్మన్నా, ఇంక గట్లనే కింద పొర్లుతానవ్" అని ఎక్కిరించిన వాళ్ళూ ఉన్నారు. చెవితో వినేది ఇంజన్ ఒక్కటే, మిగతా బండి మాట ఏమిటని ఒక్కడైనా అడగలేదు. మన జనానికి కష్టపడి చూసేవాడి కంటే చూడకుండా చెప్పేవాడి మీదే గురి ఎక్కువ. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

నాకు అసలు సంగతి తెలుసు. ఒకసారి ఆయన షెడ్డుకు వెళ్ళేసరికి స్టూలు మీద నుంచి లేస్తున్నాడు. జీపు మడ్‌గార్డు పట్టుకుని, పళ్ళు బిగబట్టి, సగం లేచి అట్లాగే ఉండిపోయాడు. నన్ను చూసి, "ఏంది గట్ల చూస్తానవ్, పని లేదా?" అని కసిరాడు. మోకాళ్ళు పోయాయి. కింద కూర్చుంటే లేవలేడు. ఆ మాట ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పైగా మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. ఉస్తాద్ చూసి సరే అన్న బండికి శిష్యుడు మళ్ళీ పరీక్ష పెట్టకూడదు. పెడితే పదిమందిలో ఆయన్ను కాదన్నట్టే. ఎవరూ రాసిపెట్టింది కాదు, అందరం పాటించాం. అదంతా మర్యాద అనుకునేవాణ్ణి. మర్యాద పేరుతో నా బద్ధకం, నా పిరికితనం ఎంతెంత దాచుకున్నానో తర్వాత తెలిసింది.

దామోదర్ సారు ఎడారి పిచ్చి

దామోదర్ సారు కాలేజీలో భూగోళం చెప్పేవాడు. హసన్‌పర్తిలో ఇల్లు. భార్య శకుంతల మేడం బడిలో టీచరు. వారాంతం వస్తే ఇద్దరూ గుడారం, కిరోసిన్ స్టవ్వు మూట కట్టుకుని బస్సెక్కి ఏదో ఒక చెరువుకో అడవికో పోయేవాళ్ళు. ఇల్లుండగా చెట్ల కింద పడుకోవడమేమిటని చుట్టుపక్కల వాళ్ళు నవ్వేవాళ్ళు. సారుకు రాజస్థాన్ ఎడారికి సొంత బండి నడుపుకుంటూ పోవాలని కోరిక. "ముందుగాల గోదావరి ఇసుకల నడుపుడు నేర్చుకుంట మేస్త్రీ, రాజస్థాన్ తర్వాత" అనేవాడు. నాకు తగిలిన వాళ్ళందరిలో ఎక్కడికి పోవాలో తెలిసి బండి వెతికిన మనిషి ఆయన ఒక్కడే. అట్లాంటి మనిషికే నేను అన్యాయం చేశాను.

ఆయనకు అప్పటికి మూడు జీపులు వద్దన్నాను. మూడుసార్లూ చిరాకు పడకుండా విన్నాడు. నాలుగోది ఒక తునికాకు కాంట్రాక్టరుది. అమ్మిపెట్టమని వాడు దాన్ని ఉస్తాద్ షెడ్డు ముందు పెట్టాడు. శుక్రవారం పొద్దున సారు, మేడం, నేను వెళ్ళాం. ఉస్తాద్ బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఇది ఇసుకల లాగుతదా ఉస్తాద్?" అని సారు అడిగాడు.

"లాగుతది సారూ. నేను చూసిన."

"కింద గూడ చూసిండ్రా?" అని అడిగింది మేడం. చుట్టూ నిలబడ్డ నలుగురైదుగురు నవ్వారు.

"నేను చూసిన అంటే అన్ని చూసినట్టే అమ్మా" అన్నాడు ఉస్తాద్.

సారు నా దిక్కు తిరిగాడు. నా చేతిలో జాకీ ఉంది. ఉస్తాద్ కళ్ళు ఆ జాకీ మీద పడ్డాయి. ఆయన వద్దనలేదు. చూడు అని కూడా అనలేదు. ఆ నలుగురి ముందు నేను చక్రం లేపితే, ఉస్తాద్ మీద నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు అవుతుంది. నాకు తెలిసిన మోకాళ్ళ సంగతి అందరికీ తెలిసిపోతుంది.

జాకీ కింద పెట్టేశాను. "ఉస్తాద్ చూసినంక ఇంక నేను చూసేదేముంటది సారూ, తీస్కోండ్రి" అన్నాను.

మేడం ఇంకేదో అడగబోయింది. అప్పటికే ఎవరో కొబ్బరికాయ కొట్టేశారు.

గోదావరి ఇసుక

ఎండాకాలం సెలవుల్లో వాళ్ళిద్దరూ ఏటూరునాగారం దాటి, గోదావరి ఇసుకలోకి దిగారు. ఆ కాలంలో అక్కడ నది ఒక పక్కన సన్నగా పారుతుంది, మిగతాదంతా ఇసుకే. నాలుగు చక్రాలూ లాగుతాయన్న ధైర్యంతో గట్టు నుంచి చాలా దూరం పోయారు. మధ్యాహ్నానికి వెనక చక్రాలు కూరుకుపోయాయి. సారు లివర్ వేశాడు. టక్కున పడింది. వెనక చక్రాలు ఇంకా లోతుకు తవ్వుకుపోయాయి, ముందు చక్రాలు ఉన్నచోట ఉన్నట్టే ఉన్నాయి. ఇద్దరూ గిన్నెలతో ఇసుక తవ్వారు. తెచ్చుకున్న నీళ్ళు కొన్ని ఇంజన్‌కు పోశారు, కొన్ని తాగారు. అవి అయిపోయాక గట్టు వైపు నడిచారు. సగం దారిలో మేడం పడిపోయింది.

ఇసుకలో పుచ్చకాయ తోటలు వేసుకున్నవాళ్ళు చూసి, ఎడ్లబండి మీద గట్టుకు చేర్చారు. అక్కణ్ణుంచి దొరికిన లారీలో వరంగల్ తెచ్చారు. వడదెబ్బ. దవాఖానలో రెండు రోజులు ఆమెకు తెలివి రాలేదు.

కబురు తెలిసిన రోజే నేను బండి కోసం వెళ్ళాను. తోటల వాళ్ళ ఎడ్లతో జీపును బయటికి లాగించకముందే, ఇసుక మీద చెక్క వేసి, దాని మీద జాకీ పెట్టి ముందు చక్రం లేపాను. లివర్ వేసి చెయ్యి పెట్టాను. ఒక్క వేలితో తోస్తే తిరిగింది. మూతలు విప్పి చూస్తే రెండు వైపులా లోపల కడ్డీలు లేవు. కాంట్రాక్టరు ఎప్పుడో తీయించేసి ఉంటాడు. మూత లోపల గ్రీజు ఎండి, తుప్పు పేరుకుని ఉంది. ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చాను. ఎడ్ల వాళ్ళు బండి నాదే అనుకుని ఓదార్చారు.

దవాఖాన వరండాలో

మూడో రోజుకు మేడం కళ్ళు తెరిచింది. ప్రాణానికి భయం లేదన్నారు. నేను వెళ్ళేసరికి సారు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ కాలేజీ వాళ్ళు, షెడ్డుల వాళ్ళు ఓ పదిమంది. బండిలో కడ్డీలు లేవన్న కబురు అప్పటికే అందరికీ చేరింది. ఉస్తాద్ కూడా వచ్చాడు. అందరికీ దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

సారు అరవలేదు. అరిస్తే బాగుండేది. "మేస్త్రీ, ఒక్కటి చెప్పు. ఆ బండి కిందికి పోయి చూసింది ఎవరు?" అని అడిగాడు.

ఎవరూ చూడలేదంటే ఉస్తాద్ బతుకు అక్కడితో అయిపోతుంది. ఆ పేరు మీదే ఆయన షెడ్డు నడుస్తోంది. దారి పొడుగునా ఆలోచించుకుని వచ్చిన మాటే చెప్పాను. "నేనే చూసిన సారూ. మనం కలిసి పోకముందే పొద్దుగాల్ల ఒక్కణ్ణే పోయి చూసిన. అప్పుడు కడ్డీలు ఉండె. ఆ తర్వాత ఎవరో తీసిండ్రు."

పక్కనున్న వాళ్ళు వెంటనే కాంట్రాక్టరును తిట్టడం మొదలుపెట్టారు. సారు నా ముఖంలోకి చూసి మెల్లగా తల ఊపాడు. నమ్మాడు. ఇంత జరిగాక కూడా నన్ను నమ్మాడు.

"అబద్ధం చెప్తాండు సారూ."

ఉస్తాద్ గొంతు అది. స్తంభాన్ని వదిలి సారు ముందుకు వచ్చాడు. బెంచీ అంచు పట్టుకుని, అందరూ చూస్తుండగా నేల మీద కూర్చోవడానికి వంగాడు. సగం కూడా వంగలేదు. మోకాళ్ళు పట్టు తప్పి పక్కకు పడ్డాడు. నేను పరుగెత్తి చేతులు చాపాను.

"ముట్టకు" అన్నాడు. రెండు చేతులూ నేలకు ఆనించి లేవబోయాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. లేవలేక, కాళ్ళు చాపుకుని అట్లాగే కూర్చుని, తల ఎత్తి సారుతో అన్నాడు. "చూస్తానవా సారూ? ఇది నాతోని అయితలేదు. మూడేండ్లాయె. ఈ మూడేండ్లల్ల నేను ఏ బండి కిందికి పోలె. ఉస్తాద్ నిలవడి చూస్తడని మీరందరు అంటాంటే, నేను ఊకున్న."

సారు మా ఇద్దరినీ చూసి, లేచి మేడం దగ్గరికి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన ఏ బండి చూడటానికీ నన్ను పిలవలేదు.

అప్పుడు ఉస్తాద్ నాకు చెయ్యి అందించాడు. లేపి నిలబెట్టాను. నా భుజం పట్టుకుని, నా ఒక్కడికే వినపడేటట్టు అన్నాడు. "ఆ పొద్దు నువ్వు చక్రం లేపి చూసుంటే నా ఇజ్జత్ గా నలుగురి ముందల పోయేది. పోతే పోయేది గదరా. ఆ అమ్మ మంచిగుండేది."

ఆయన్ను పట్టుకుని దవాఖాన మెట్లు దింపాను. ఉన్నవి ఆరేడు మెట్లే. ప్రతి మెట్టు మీదా ఆగి, ఊపిరి పీల్చుకుని, నా భుజం మీద బరువంతా వేసి మరీ దిగాడు. మూడేళ్ళు తెలిసీ తెలియనట్టు ఉన్నాను కదా, ఆయన మెట్లు దిగే కష్టం కళ్ళారా చూడటం నాకు అదే మొదటిసారి.